సారా పోసి మద్యం వద్దన్న ఊరు

నాకు డెబ్బై ఒకటి నడుస్తోంది. ఇంతవరకు ఒక్క చుక్క మద్యం తాగలేదు. మద్యం వద్దనేవాళ్ల సమావేశాల్లో మాత్రం పన్నెండేళ్లుగా టీ తాగుతున్నాను. నెలకు రెండు సమావేశాలు, సమావేశానికి రెండు కప్పులు, మొత్తం ఐదు వందల డెబ్బై ఆరు. వాటిలో పంచదార సరిపోయినవి పదో పన్నెండో ఉంటాయి.

ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో, ముప్పై మూడేళ్లు. రిటైరయ్యాక విశాఖలో పదకొండు మంది ఆడవాళ్లం కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నాం. మాలాంటి సంఘాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అన్నీ కలిసి ఒక కూటమి అయ్యాయి. మద్యం ప్రకటనలకు పగ్గం వేయాలని, పన్ను పెంచాలని, ఇళ్ల మధ్య దుకాణాలు పెట్టకూడదని ఆ కూటమి ప్రభుత్వాల వెంట పడుతుంది. మర్యాద కలిగిన కూటమి. దాని కాగితాల్లో తాగుబోతు అన్న మాట కనిపించదు. ‘మద్యం వల్ల హాని పొందుతున్న వ్యక్తి’ అని రాస్తారు. మా ఆయన బతికుంటే ఈ బిరుదు చూసి మురిసిపోయేవాడు.

బస్తర్‌లో, ఆవపల్లి పక్కన ఒక ఊరివాళ్లు తమ దగ్గర మద్యం దుకాణం వద్దని గ్రామసభలో తీర్మానం చేయబోతున్నారని కూటమికి తెలిసింది. దాన్ని చూసి, రాసుకుని, మిగతా దేశాల వాళ్లకు చెప్పడానికి కెన్యా నుంచి వంజీరు అనే ఆవిడను పంపారు. ఆ ఊరిమాట మన భద్రాచలం వైపు తెలుగుకు దగ్గర కాబట్టి, తోడుగా నన్ను వెళ్లమన్నారు. హిందీ కూడా నాకు వచ్చు, తూకంలో మోసం చేసేవాడితో తగువాడేంత.

బయల్దేరే ముందు ఇద్దరి చేతా ఒక నిబంధన మీద సంతకం పెట్టించారు. కూటమి బ్యానరు కట్టిన ఏ సమావేశంలోనూ మద్యం ఉండకూడదు. నేను రెండుసార్లు చదివి పెట్టాను. వంజీరు చదవకుండా పెట్టింది.

రైలు: సొరంగాలు యాభై మూడు

మార్చి నాలుగో తేదీ, మంగళవారం పొద్దున్న విశాఖలో కిరండూల్ రైలెక్కాం. ఈ దారిలో సొరంగాలు యాభై ఎనిమిది అని అందరూ అంటారు. నా లెక్కకు యాభై మూడే వచ్చాయి. మిగతా ఐదూ నేను పులిహోర తింటున్నప్పుడు వెళ్లిపోయి ఉండాలి.

వంజీరుకు ముప్పై ఎనిమిదేళ్లు. మనిషి ఎంత పొడుగో నవ్వు అంత పొడుగు. చుట్టిన బ్యానరును చంకలో గొడుగులా పెట్టుకుంది. ఎదుటి సీట్లో రిటైరైన రైల్వే మేస్త్రి ఒకాయన అరకు దాకా ఓపిక పట్టి, ఇక ఆగలేక నన్ను అడిగాడు.

“వాళ్ల దేశంలో కూడా తాగుతారామ్మా?”

నేను ఇంగ్లీషులో చెప్పాను. వంజీరు ఆయన వైపు తిరిగి చెప్పిన జవాబును మళ్లీ తెలుగు చేశాను. “తాగకపోతే నాకు ఉద్యోగమెక్కడిది అంటోంది.”

మేస్త్రి ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం కొని ఆవిడ చేతిలో పెట్టాడు. పొట్లం ఇరవై రూపాయలు. బరువు చేత్తో చూశాను, నూట యాభై గ్రాములు కూడా లేదు. రిటైరయ్యాను కాబట్టి ఊరుకున్నాను.

బచేలి: వారానికి రెండు పెగ్గులు

బచేలిలో గని ఉద్యోగుల క్వార్టర్లలో మా బస. ఇంటావిడ సూర్యకుమారిది శ్రీకాకుళం వైపు. ఇరవై రెండేళ్లుగా బస్తర్‌లో ఉంటోంది. బెండకాయ పులుసు, ఎండునెత్తళ్ల వేపుడు పెట్టింది. నెత్తళ్లు వాళ్ల ఊరి నుంచి, పులుసులో చింతపండు మాత్రం ఇక్కడి అడవిది. మా చింతపండు కంటే పులుపు ఎక్కువ, పీచు తక్కువ. విశాఖలో పదేళ్లుగా పీచుకే డబ్బులిస్తున్నానని అప్పుడు తెలిసింది.

కూటమి ఇచ్చిన ప్రశ్నపత్రాన్ని ముందుగా ఎవరిమీదైనా ప్రయోగించి చూద్దామని ఇంటాయన అప్పారావు గారిని కూర్చోబెట్టాను.

“నాను తాగనండీ. ఊరికే పార్టీలకి,” అన్నాడాయన.

“వారానికి ఎన్ని?”

“రెండు పెగ్గులు రాసుకోండి.”

వంటింట్లోంచి సూర్యకుమారి గొంతు వచ్చింది. “సోమారం ఒకటీ, మంగళారం ఒకటీ. బుధారం నుంచి ఏటి తాగుతున్నట్టండీ, సోడాయా?”

పెగ్గు అంటే ఎంత అని అడిగాను. ఆయన గ్లాసుకు వేలు అడ్డంగా పెట్టి చూపించాడు. వేలు మంచి లావుగా ఉంది. ఈ వేలికి మా శాఖ ముద్ర ఉందా అన్నాను. సూర్యకుమారి వంటింట్లో నవ్వుతూనే ఉంది. అప్పారావు గారు లేచి, కుళాయిలో నీళ్లొచ్చే టైమైందని పెరట్లోకి వెళ్లిపోయాడు. ప్రశ్నపత్రంలో పదహారు ప్రశ్నలున్నాయి. మేం మూడో దాకా వెళ్లగలిగాం.

ఆవపల్లి సంత: దొప్పలో ఎంత

బుధవారమంతా జీపులో గడిచింది. గురువారం ఆవపల్లిలో సంతకు వెళ్లాం. చింతపండు, ఎండుచేపలు, పొగాకు, ప్లాస్టిక్ బిందెలు. ఎర్రచీమల పచ్చడి ఆకులో పెట్టి పది రూపాయలన్నారు. వంజీరు తిని, నిమ్మకాయలా ఉందంది. నేనూ వేలితో నాలికకు రాసుకున్నాను. నిమ్మకాయ అంత త్వరగా కరవదు.

చివరి వరసలో ఆడవాళ్లు కుండలు ముందు పెట్టుకుని ఇప్ప సారా అమ్ముతున్నారు. ఆకుతో కుట్టిన దొప్పలో పోస్తారు, దొప్ప పది రూపాయలు. ఆదివాసులు ఇంటి అవసరానికి కాచుకోవడం ఇక్కడ తప్పు కాదు. సంతలో అమ్మడం ఇంటి అవసరమా అని నేను అడగలేదు. కానీ కొలత అడగకుండా ఉండలేకపోయాను. దగ్గు మందు సీసా మూత నా సంచిలో ఉంది, అది సరిగ్గా పది మిల్లీలీటర్లు.

“ఏంది అవ్వా, తాగుతవా, కొలుస్తవా?” అంది సారా ఆవిడ.

“కొలుస్తాను.”

“అట్లయితే నీళ్లు కొలువు. సారా ఊరికె ఒలకబోస్తే పాపం.”

నీళ్లతో కొలిచాను. దొప్పకు పదకొండు మూతలు పట్టాయి, అంటే నూట పది మిల్లీలీటర్లు. పక్క దొప్పా అంతే. ఏ యంత్రం లేకుండా, ఆకు మడిచి పుల్ల గుచ్చి, ఇంత సమానంగా కుట్టినవాళ్లను నేను ఉద్యోగంలో ఉండగా చూసి ఉంటే సన్మానం చేయించేదాన్ని.

కొన్నవాళ్లందరూ తాగే ముందు నాలుగు చుక్కలు నేల మీద పోస్తున్నారు. ముసలివాళ్లు, కాలేజీ కుర్రాళ్లు, ఫోన్లో మాట్లాడుతున్నవాళ్లు కూడా. పోయినవాళ్ల వాటా అట. మా ఊళ్లో పోయినవాళ్లకు ఏడాదికోసారి పిండం పెట్టి, కాకి రాకపోతే కాకినే తిడతాం. ఇక్కడ వాళ్లకు ప్రతి సంతకూ వాటా ఉంది.

“మా అమ్మమ్మ కూడా ఇలాగే పోసేది,” అంది వంజీరు. “ఆవిడకు మాత్రం నా ఉద్యోగం ఏమిటో చెప్పలేదు.”

అక్కడే జోగమ్మ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. దుకాణం వద్దని మొదట గొంతెత్తి, ఊరివాళ్లను కూడగట్టింది ఈవిడే. నలభై ఐదేళ్లుంటాయి. తల మీద చింతపండు గంప, చేతిలో అమ్ముడుపోని కోడి.

“మీరేనా అవ్వా మీటింగుకు వచ్చినోళ్లు? ఈ అక్క ఏంది, మాకంటే నల్లగుంది. మంచిగుంది,” అంది.

ఈ మాటను నేను తర్జుమా చేయనవసరం లేకపోయింది. వంజీరు అప్పటికే కోడిని అందుకుంది.

జోగమ్మ ఇల్లు: మూడు వందల పన్నెండు అడుగులు

జోగమ్మ ఊరు సంతకు నాలుగు కిలోమీటర్లు. నడిచాం. ఊరి మలుపులో రేకుల షెడ్డు ఒకటి కొత్తగా లేచి ఉంది, తలుపుకు తాళం. దుకాణం పెడతారని చెప్పుకుంటున్నది అందులోనే. అక్కణ్నుంచి జోగమ్మ గడప దాకా అడుగులు లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు. ఊళ్లో అందరికంటే ఆ షెడ్డుకు దగ్గర ఇల్లు ఆవిడదే.

భర్త ముత్తయ్య వసారాలో వెదురు పుల్లలతో చేపల బుట్ట అల్లుతున్నాడు. సన్నటి మనిషి, మాట నెమ్మది. మాకు జావ పోశారు. పదహారు ప్రశ్నల కాగితం తీయబోతే ఆయనే ఆపాడు.

“దాంట్ల రాసేందుకు ఏం లేదు అవ్వా. ముప్పై ఒక్క సంతలాయె, ముట్టలే.”

ద్వారబంధం చూపించాడు. సంతకొక గాటు, ముప్పై ఒక్క గాట్లు. నేను వేలితో లెక్కపెట్టి సరిచూశాను. తన తాగుడు గురించి నాకు నిజమైన లెక్క చెప్పిన మొదటి మగవాడు ఈయనే.

అంతకుముందు ఏం జరిగిందో జోగమ్మ చెప్పింది. ముత్తయ్య రోడ్డు పనికి పోయి సీసా మద్యం అలవాటు చేసుకున్నాడు. పని అయిపోయినా అలవాటు అయిపోలేదు. సైకిల్ మీద పద్నాలుగు కిలోమీటర్లు పోయి తాగి వచ్చేవాడు. రెండు మేకలు పోయాయి, తర్వాత సైకిలే పోయింది. సైకిల్ పోవడంతో ఆయన బతికాడు. అంత దూరం నడిచే ఓపిక తాగుడికీ ఉండదు.

“ఇప్ప సారా అయితే పండుగనాడు. ఆ దుకాన్ వచ్చిందంటే రోజూ పండుగనే,” అంది జోగమ్మ.

ఇప్ప సారా అయినా కొలతలో సారాయే కదా అన్నాను. నాకు పక్షపాతం లేదు. ముత్తయ్య తల ఊపాడు.

“ఔ అవ్వా. అందుకే నేను పండుగకు గూడ తాగుత లేను. చిటికెడు లోపలికి పోతె చాలు, అది లోపల్నించి ఇంకోదాన్ని పిలుస్తది.”

ఆ మాట అంటున్నప్పుడు జోగమ్మ అతని వైపు చూడలేదు. కోడికి గింజలు వేయడానికి లేచి వెళ్లిపోయింది. ఆవిడ మాకు చెప్పని సంగతి ఇంకొకటి ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

గ్రామసభ: టీకి దేవుడు లేస్తడా

శుక్రవారం పొద్దున్నే పంచాయతీ షెడ్డులో బ్యానరు కట్టాం. ఊళ్లో ఇళ్లు నలభై నాలుగు. మిర్చి కోతకు తెలంగాణ వైపు పోయిన రెండిళ్ల మగవాళ్లు తప్ప అందరూ వచ్చారు. పంచాయతీ కార్యదర్శి, వాళ్ల మాటలో సచివ్, రిజిస్టరు పట్టుకుని మోటారు సైకిల్ మీద వచ్చాడు. చిన్నవాడు, చక్కగా దువ్వుకున్నాడు. తీర్మానం చదివి అందరి సంతకాలూ వేలిముద్రలూ తీసుకుంటే పని అయిపోతుందనుకున్నాను.

ఊరి పెద్దను పటేల్ అంటారు. ఆయన కర్ర మీద ఆనుకుని లేచాడు.

“కాగజ్ తర్వాత. ముందు దేవుడికాడ.”

షెడ్డు పక్కనే ఇప్పచెట్టు కింద మూడు రాళ్లున్నాయి. అక్కడ ఏం చేస్తారని అడిగాను.

“ఏం చేస్తం అవ్వా? సారా పోస్తం. పెద్దలకు పోసి, ఇంటికొక మొగోడు గుక్కెడు తాగి మాట ఇస్తడు. అట్లయితెనే అది కట్టు. కాగజ్‌ను ఎవడన్న చింపుతడు.”

“మద్యం దుకాణం వద్దని సారా తాగి ఒట్టేస్తారా?”

“మరి టీ తాగి ఒట్టెయ్యాల్నా? టీకి దేవుడు లేస్తడా?”

నేను తాగిన ఐదు వందల డెబ్బై ఆరు కప్పుల్లో దేనికీ దేవుడు లేచిన గుర్తు లేదు.

సచివ్ తల పట్టుకున్నాడు. “మాతాజీ, రేపు ఎవడో ఒకడు ఫిర్యాద్ పెడ్తడు, శరాబ్ తాగి అంగూఠా ముద్ర వేసిన్రని. మొత్తం కాగజ్ ఖరాబ్.”

వంజీరు ఫోను తీసింది, సిగ్నల్ లేదు. నిబంధన రాసినవాళ్లు రెండు సముద్రాల అవతల నిద్రలో ఉండి ఉంటారు. మొత్తం ఎంత తాగుతారు అని పటేల్‌ను అడిగాను. రెండు దొప్పలన్నాడు. లెక్క వేశాను. రెండు వందల ఇరవై మిల్లీలీటర్లు, నలభై రెండు మంది, తలకు ఐదు పైచిలుకు. నేను రోజూ వేసుకునే దగ్గు మందు ఇంతకు రెండింతలు. ఆ లెక్కను సచివ్‌కు కాగితం మీద రాసి, తేదీ వేసి, కింద నా పాత హోదా కూడా రాసి ఇచ్చాను. హోదా చూసి ధైర్యం తెచ్చుకున్నాడు.

వంజీరు బ్యానరు విప్పి, చుట్టి, సంచిలో పెట్టి జిప్ వేసింది. “కూటమి వెళ్లిపోయింది. ఇప్పుడు నేను మా అమ్మమ్మ మనవరాలిని,” అంది. నేనైతే ఆ నిబంధనను మూడోసారి మనసులో చదువుకున్నాను. బ్యానరు కట్టిన సమావేశంలో, అనే ఉంది. బ్యానరు లేదు.

మేం మా ఇబ్బంది తీరిందని సంతోషిస్తుంటే జోగమ్మ లేచింది.

“పటేల్ మామా, మా ఆయన తాగడు.”

“గుక్కెడే గద బిడ్డా.”

“గుక్కెడు గూడ తాగడు.”

పటేల్ కోపంగా ఏం లేడు, బాధగా ఉన్నాడు. “తాగకపోతె మీ ఇల్లు ఈ మాటల లేనట్టె. రేపు దుకాన్ పెట్టెటోడు ఏమంటడు? పక్కింటోళ్లకే అడ్డం లేదు, మీకేంది అంటడు.”

నిజమే. దుకాణం షెడ్డుకు అందరికంటే దగ్గర ఇల్లు చేయి కలపకపోతే మిగతా నలభై మూడిళ్ల మాట ఏపాటిది? చేయి కలపాలంటే ముత్తయ్య ముప్పై రెండో గాటు పోగొట్టుకోవాలి. జోగమ్మ నిన్న దాచుకున్నది ఇదే. ఎవరి కోసం ఈ పని మొదలుపెట్టిందో అతనే తాగితే తప్ప ఇది ముగియదని ఆవిడకు ముందే తెలుసు.

పెదవికి తాకిస్తే చాలదా అన్నాను. దేవుడు గుడ్డోడా అన్నాడు పటేల్. భార్య తాగవచ్చు కదా అంది వంజీరు. నేను తాగుత, నాకేం భయం అంది జోగమ్మ. మొగుడు పోయినామె తాగొచ్చు, ఉన్నామె తాగొద్దన్నారు వెనక నుంచి. ఉన్న మొగుణ్ని పోయినవాడి కింద రాయడానికి నా దగ్గర కూడా దారి లేదు. ముత్తయ్య నేల వైపు చూస్తున్నాడు.

ఎవరికీ తోచక, పటేల్ ముందు మిగతావాళ్లది కానిద్దామన్నాడు. మొదట ఊళ్లో లేనివాళ్ల వంతు. మిర్చి కోతకు పోయిన మొదటివాడి పేరు పిలిచారు. అతని భార్య వచ్చి, దొప్పలోంచి అతని గుక్కెడూ నేల మీద పోసి, “మా ఇంటి మాట ఇదే,” అంది. రెండోవాడి భార్యా అంతే చేసింది. లేనివాడి వాటా నేల తాగుతుంది. అతని ఇల్లు మాటలో ఉన్నట్టే లెక్క.

ముత్తయ్య లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“యాడికి?” అన్నాడు పటేల్.

“మిర్చి కోతకు.”

వాగు

ఊరి పొలిమేర వాగే. పంచాయతీ షెడ్డులోంచి చూస్తే కనిపిస్తుంది. మార్చిలో మోకాలి లోతు నీళ్లు. ముత్తయ్య పంచె ఎగ్గట్టి దాటాడు. అవతలి ఒడ్డున ఒక రాయి మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. వీపు స్పష్టంగా కనిపిస్తోంది. బనియను చిరుగు కూడా కనిపిస్తోంది.

పటేల్ గొంతు సవరించుకున్నాడు. మూడు రాళ్ల ముందు నిలబడి, ఊరంతా వినేటట్టు అడిగాడు.

“ముత్తయ్య ఊర్ల ఉన్నడా?”

తలలన్నీ వాగు వైపు తిరిగాయి. తర్వాత వెనక ఎవరో ముసలాయన, “లేడు,” అన్నాడు.

“యాడికి పోయిండు?”

“మిర్చి కోతకు,” అన్నారు నలుగురైదుగురు.

“ఏ ఊరికి పోయిండంట?”

ఈ ప్రశ్న మాత్రం జోగమ్మ ఊహించలేదు. వాగు అవతల నుంచి కేక వచ్చింది.

“చెర్ల పక్కకు అని చెప్పు.”

“లేనోడు మాట్లాడొద్దు,” అన్నాడు పటేల్ అటు తిరగకుండానే.

అప్పుడు నవ్వారు. ఊరంతా నవ్వింది, సచివ్ రిజిస్టరు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే జోగమ్మ ముందుకొచ్చి దొప్ప తీసుకుంది. పోసేటప్పుడు మాత్రం నవ్వలేదు. చివరి చుక్క దాకా పోసి, దొప్ప బోర్లించి దులిపి, “మా ఇంటి మాట ఇదే,” అంది.

తర్వాత నలభై ఒక్కమంది గుక్కెడు చొప్పున తాగారు. ఒకడు గుక్కెడు కంటే ఎక్కువ తాగబోతే పటేల్ దొప్ప లాక్కున్నాడు. ఆ మనిషి మా శాఖకు పనికొచ్చేవాడు.

కాగితం పనికి వంజీరు మళ్లీ బ్యానరు కట్టింది. వాగు దాటి వచ్చి ముత్తయ్య వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చేసరికి సచివ్ పెన్ను ఆగింది.

“మాతాజీ, ఇతను హాజిరా, గైర్ హాజిరా?”

ముప్పై మూడేళ్లలో నేను ఒక్క అబద్ధపు నమోదు చేయలేదు. దేవుడి రిజిస్టరులో లేడు, నీ రిజిస్టరులో ఉన్నాడు, హాజరు వెయ్యి అన్నాను. ముత్తయ్య కాళ్లు తడిగా ఉన్నాయి, వేలు పొడిగా ఉంది. ముద్ర స్పష్టంగా పడింది.

నేను ఇది రాస్తున్న నాటికి ఆ తీర్మానం మీద పైనుంచి జవాబు రాలేదు. మలుపులో షెడ్డు తాళం తీయలేదని మాత్రం, ఆవపల్లి సంతకు వెళ్లొచ్చినవాళ్లను అడిగి, సూర్యకుమారి ఫోనులో చెప్పింది.

సభ ముగిశాక జోగమ్మ ఇంట్లో మేం సంచులు సర్దుకుంటుంటే ఆవిడ, ముత్తయ్య వసారాలో ఉన్నారు. అతను చేపల బుట్ట మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ అతని తడి పంచె పిండి దండెం మీద వేస్తోంది.

“మళ్ల ఎప్పుడన్న దేవుడికాడ ఇట్ల మాట పడితె ఏం చేస్తవ్?” అంది.

“మళ్ల మిర్చి కోతకు పోత.”

“వానకాలం పడితె? అప్పుడు మిర్చి ఉండదు, వాగు దాటనియ్యదు.”

అతను ఒక పుల్ల వంచి బుట్టలోకి దోపాడు. “వాగు పొంగుతదని తెలిస్తె ముందురోజే పోయి అవతల పండుకుంట.”